పిల్లల మానసిక వైద్యంలో ఆఫ్-లేబుల్ మందులు: బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఒక ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేసే నాకు, అనంతపురం, కడప, మదనపల్లె వైపుల నుంచి పిల్లలను చూపించడానికి వచ్చేవాళ్లూ, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లూ రోజూ తారసపడతారు. డాక్టరు గదిలో కన్నడం, ఇంగ్లిషు కలగలిసిన మాటల మధ్య అడగలేకపోయిన ప్రశ్నలన్నీ కౌంటరు దగ్గర తెలుగు వినపడగానే బయటికొస్తాయి. వాటిలో ఎక్కువసార్లు విన్నవాటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. మోతాదులు కావాలనే రాయలేదు. అవి పిల్లల వయసును, బరువును, మిగతా జబ్బులను చూసి వైద్యులు నిర్ణయించవలసినవి.

డబ్బాలోని కాగితం మీద "18 ఏళ్లలోపు వారిలో భద్రత నిర్ధారణ కాలేదు" అని ఉంది. డాక్టరు పొరపాటున రాశారా?

చాలావరకు పొరపాటు అయి ఉండదు. ఎనిమిది మడతలు పెట్టి, చీమల బారులాంటి అక్షరాలతో అచ్చువేసిన ఆ కాగితంలో ఉండేది, ఆ మందును ఏ జబ్బుకు, ఏ వయసువారికి, ఎంత మోతాదులో వాడవచ్చని చెప్పి అమ్ముకోవడానికి కంపెనీ అనుమతి తీసుకుందన్న సమాచారం. "భద్రత నిర్ధారణ కాలేదు" అంటే, ఆ వయసు పిల్లల మీద జరిపిన పరీక్షల వివరాలతో కంపెనీ అనుమతి అడగలేదనో, అడిగినా ఆ వివరాలు సరిపోలేదనో అర్థం. హాని జరుగుతుందని తేలిందని దానికి అర్థం లేదు. అయితే పిల్లలలో నిజంగానే హాని బయటపడ్డ మందుల కాగితాల మీద కూడా ఇంచుమించు ఇలాంటి వాక్యమే కనిపిస్తుంది, అసలు చిక్కు అక్కడ ఉంది. అందువల్ల ఆ వాక్యం చదివి మీ అంతట మీరు మందు ఆపేయకూడదు, చూసీ చూడనట్టు ఊరుకోనూ కూడదు. ఆ కాగితాన్ని తీసుకెళ్లి రాసిన డాక్టరునే అడగాలి. అడిగితే కోప్పడతారని చాలామంది జంకుతారు కానీ, పిల్లల సైకియాట్రిస్టులకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు.

ఆఫ్-లేబుల్ అంటే కచ్చితంగా ఏమిటి?

అనుమతి పత్రంలో లేని జబ్బుకు గాని, లేని వయసుకు గాని, లేని మోతాదులో గాని, లేని పద్ధతిలో గాని ఒక మందును వాడడం. మందు అసలైనదే, అనుమతి పొందినదే, షాపులో మామూలుగా దొరికేదే. దానిని వాడుతున్న సందర్భం మాత్రమే కాగితం దాటి ఉంటుంది. నకిలీ మందుకూ, ప్రయోగ దశలోని మందుకూ దీనితో సంబంధం లేదు. "మా బిడ్డ మీద ప్రయోగం చేస్తున్నారా" అని అడిగేవారికి చెప్పవలసింది ఇదే: ప్రయోగమైతే నైతిక సంఘం అనుమతి, విడిగా రాతపూర్వకమైన సమ్మతి పత్రం, పరిహారపు షరతులు ఉండి తీరాలి. మామూలు ఓపీలో రాసే చీటీ ఆ కోవలోకి రాదు.

మా ఏడేళ్ల అబ్బాయికి రాసిన మందు పేరు ఫోనులో వెతికితే "రక్తపోటు మందు" అని వచ్చింది. వాడికి బీపీ లేదు కదా?

లేదు. ఆ మందు బహుశా క్లోనిడిన్ అయి ఉంటుంది. అది రక్తపోటు తగ్గించడానికి వాడుతూ వచ్చిన మందు. మెదడులో నార్‌ఎడ్రినలిన్ విడుదలను తగ్గించే గుణం వల్ల అది పిల్లలలో అదుపులేని చురుకుదనాన్ని, టిక్స్ అని పిలిచే అసంకల్పిత కదలికలను, నిద్ర పట్టని ఇబ్బందిని కూడా తగ్గిస్తుందని తరవాత గమనించారు. నెమ్మదిగా విడుదలయ్యే రకం క్లోనిడిన్‌కు అమెరికాలో 6 నుంచి 17 ఏళ్ల పిల్లల ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవకపోవడం, అదుపులేని చురుకుదనం ఉండే సమస్యకు) 2010లో అనుమతి లభించింది. మన దగ్గర పిల్లలకు ఎక్కువగా రాసేది మామూలు మాత్ర. మందు అదే అయినా కాగితం మీద ఉండేది రక్తపోటు ఒక్కటే.

ఈ మందు విషయంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలి. రోజూ వేస్తున్నదాన్ని హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పెరగవచ్చు. "వాడికి బీపీ లేదు కదా, ఆపేద్దాం" అని తాతగారు ఆపించిన సందర్భాలు నేను చూశాను. ఆపడమంటే మెట్లు దిగినట్టు, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి.

పిల్లలకు అవసరమైన మందులను పిల్లల మీద ముందే ఎందుకు పరీక్షించలేదు?

మొదట్లో పిల్లలను పరీక్షలకు దూరంగా ఉంచడమే వారికి రక్షణ అనుకున్నారు. దాని ఫలితంగా పెద్దలకు ఉన్న సమాచారం పిల్లలకు లేకుండా పోయింది. అమెరికా పిల్లల వైద్యుడు హ్యారీ షిర్కీ 1968లో పిల్లలను "వైద్యంలో అనాథలు" అని వర్ణించింది ఇందుకే. కంపెనీల లెక్కలు మరో కారణం. పిల్లల మార్కెట్టు చిన్నది, పరీక్షలు ఖరీదైనవి, పేటెంటు అయిపోయిన మందుకు కొత్త అనుమతి తెచ్చుకుంటే లాభమేమీ ఉండదు. పిల్లలలో పరీక్షలు జరిపితే ఆరు నెలల అదనపు గుత్తాధికారం ఇస్తామని అమెరికా 1997లో చట్టం చేసింది. పిల్లల పరీక్షలను తప్పనిసరి చేసే చట్టం 2003లో వచ్చింది. యూరప్‌లో అలాంటి నిబంధన 2007 నుంచి అమలులో ఉంది. పాత మందులకు ఇవేవీ పెద్దగా అక్కరకు రాలేదు.

పిల్లలను చిన్న సైజు పెద్దలుగా లెక్కకట్టడమూ కుదరదు. శరీర బరువుతో పోలిస్తే పిల్లల కాలేయం పెద్దది కాబట్టి కొన్ని మందులు వారిలో పెద్దలకంటే వేగంగా కరిగిపోతాయి. పెద్దల మోతాదును బరువుతో భాగించి ఇస్తే కొన్నింటికి చాలదు, ఇంకొన్నింటికి ఎక్కువవుతుంది.

అయితే ఆఫ్-లేబుల్ మందు అంటే రుజువులేని మందే కదా?

కాగితం మీద అనుమతి ఉండడం వేరు, రుజువు ఉండడం వేరు. ఈ పేజీలో మరేదీ గుర్తులేకపోయినా, ఇక్కడ చెప్పే రెండు ఉదాహరణలు గుర్తుంచుకోండి.

మొదటిది సెర్ట్రలిన్. అమెరికాలో పిల్లలకు ఈ మందుకున్న అనుమతి ఆరేళ్లు దాటినవారిలో ఓసీడీకి, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం ఉండే జబ్బుకు మాత్రమే. అయితే పిల్లల ఆందోళన జబ్బుల మీద ప్రభుత్వ నిధులతో జరిగి 2008లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులో 7 నుంచి 17 ఏళ్ల మధ్య 488 మంది పిల్లలను నాలుగు జట్లుగా విడదీశారు. పన్నెండు వారాల తరవాత బాగా మెరుగైనవారు, సెర్ట్రలిన్‌తోపాటు సీబీటీ అనే మాటల చికిత్స పొందిన జట్టులో 81 శాతం, సీబీటీ మాత్రమే పొందిన జట్టులో 60 శాతం, సెర్ట్రలిన్ మాత్రమే తీసుకున్న జట్టులో 55 శాతం, ఉత్త మాత్ర, అంటే పోల్చి చూడడానికి ఇచ్చే మందు లేని మాత్ర తీసుకున్న జట్టులో 24 శాతం. బడికి వెళ్లాలంటే వణికిపోయే పదేళ్ల పాపకు సెర్ట్రలిన్ రాస్తే కాగితం ప్రకారం అది ఆఫ్-లేబులే అయినా, దాని వెనక ఉన్న రుజువు అనుమతి పొందిన చాలా వాడకాల వెనక కూడా లేదు. మాటల చికిత్స ఒక్కటే మందుతో సమానంగా నిలిచిందన్న సంగతి కూడా ఇందులో చూడాలి. అది దొరికే అవకాశముంటే ముందు దాన్ని అడగడంలో తప్పేమీ లేదు.

రెండోది పారోక్సెటిన్. కుంగుబాటు ఉన్న కౌమారప్రాయులకు ఇది బాగా పనిచేస్తుందని, సమస్యలేమీ లేవని చెప్పే అధ్యయనం ఒకటి 2001లో పేరున్న పత్రికలో వచ్చింది. దాన్ని చూపించి ఊరూరా పిల్లలకు రాయించారు. 2003లో బ్రిటన్ నియంత్రణ సంస్థ 18 ఏళ్లలోపు వారి కుంగుబాటుకు దీన్ని వాడవద్దని చెప్పింది. అదే అధ్యయనపు మూల వివరాలను వేరే పరిశోధకులు తిరగదోడి 2015లో ప్రచురించినప్పుడు, ఆ మందు ఉత్త మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదని, హాని మాత్రం ఎక్కువగా ఉందని తేలింది. తయారీదారు గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2012లో అమెరికా ప్రభుత్వంతో 300 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నప్పుడు, ఈ మందును అనుమతి లేకుండా పిల్లలకు ప్రచారం చేసిందన్న అభియోగం అందులో ఒక భాగం.

సెర్ట్రలిన్, పారోక్సెటిన్ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, రెండు వాడకాలూ ఆఫ్-లేబులే. అందుచేత "ఇది ఆఫ్-లేబులా" అని అడిగి ఊరుకుంటే మీకు తెలిసేది తక్కువ. "మా పిల్ల వయసువాళ్లలో, ఈ సమస్యకే, దీన్ని పరీక్షించారా, ఏం తేలింది" అని అడగండి.

ఒక దేశంలో పిల్లలకు అనుమతి ఉన్న మందుకు మరో దేశంలో ఎందుకు ఉండదు?

అనుమతి అడిగేది కంపెనీ, ఇచ్చేది ఆయా దేశపు సంస్థ. రిస్పెరిడోన్‌నే చూడండి. అమెరికాలో ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్ల పిల్లల తీవ్రమైన చిరాకుకు 2006లో అనుమతి వచ్చింది. యూరప్‌లో మేధో వైకల్యం ఉన్న ఐదేళ్లు దాటిన పిల్లలలో ఎడతెగని దూకుడుకు, అదీ ఆరు వారాల వరకు మాత్రమే అనుమతి. ఎస్సిటలోప్రామ్‌కు అమెరికాలో 12 ఏళ్లు దాటినవారి కుంగుబాటుకు 2009లో అనుమతి లభిస్తే, యూరప్ కాగితాలు 18 ఏళ్లలోపు వాడవద్దనే చెబుతాయి. డల్లాస్‌లో ఉన్న పిన్నిగారు ఒక మాట, లండన్‌లో ఉన్న మేనమామ ఇంకో మాట చెప్పి ఇంట్లో తగువు రేగితే, చాలాసార్లు ఇద్దరూ తమ తమ దేశపు కాగితం చదివి నిజమే చెప్పి ఉంటారు.

మన దేశంలో ఇలా రాయడం చట్టబద్ధమేనా?

1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు ప్రధానంగా తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, పరీక్షలను నియంత్రిస్తాయి. అనుమతి లేని వాడకానికి కంపెనీ ప్రచారం చేసుకోకూడదు. వైద్యుడు తన రోగి మేలు కోరి, వైద్యశాస్త్రం అంగీకరించే కారణంతో అలా రాయడం ప్రపంచమంతటా ఉన్న ఆచారమే. అయితే కారణం చెప్పగలగడం, కేసు కాగితంలో రాయడం, తల్లిదండ్రులకు వివరించడం ఆయన బాధ్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు స్వరూపం, ప్రతిపాదించిన చికిత్స, దాని తెలిసిన దుష్ప్రభావాలు మీకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉంది. మీకు అర్థమయ్యే భాష తెలుగు అయితే, బెంగళూరులో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. తెలుగు తెలిసిన నర్సునో, సోషల్ వర్కరునో పిలవమని అడగండి. ఈ ఊళ్లో ప్రతి వార్డులోనూ కనీసం ఒకరు ఉంటారని నా అనుభవం.

సమ్మతి ఎవరు ఇవ్వాలి? పిల్లవాడి ఇష్టంతో పని లేదా?

చట్టం దృష్టిలో 18 నిండనివారు మైనర్లు, వారి తరఫున తల్లిదండ్రులో చట్టబద్ధ సంరక్షకులో నిర్ణయం తీసుకుంటారు. మైనరును మానసిక ఆసుపత్రిలో చేర్చుకుంటే తల్లిదండ్రులో, వారు నియమించిన సహాయకులో వెంట ఉండి తీరాలి, ఆడపిల్లకు తోడుగా ఆడవారు ఉండాలి. కరెంటు చికిత్స అని జనం పిలిచే ఈసీటీని మైనర్లకు, సంరక్షకుల సమ్మతితోపాటు మానసిక ఆరోగ్య సమీక్షా మండలి ముందస్తు అనుమతి లేకుండా ఇవ్వకూడదు.

ఇక పిల్లవాడి ఇష్టం. పద్నాలుగేళ్ల పిల్లకు "విటమిన్ మాత్ర" అని చెప్పి ఇవ్వడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆ పిల్ల ఫోనులో మాత్ర పేరు వెతికి నిజం తెలుసుకున్న రోజున మందు మీదే కాక అమ్మ మీద కూడా నమ్మకం పోతుంది. ఆరేడేళ్ల పిల్లలకు సైతం "నీకు కోపం వచ్చినప్పుడు ఆపుకోవడానికి సాయం చేసే మందు" అని చెబితే సరిపోతుంది.

ఆటిజం ఉన్న మా పాపకు రిస్పెరిడోన్ రాశారు. వేస్తే మాటలు వస్తాయా?

రావు. ఈ సమాధానం చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది, కానీ మరోలా చెప్పలేను. ఆటిజం మూల లక్షణాలను, అంటే మాట ఆలస్యాన్ని, నలుగురితో కలవలేకపోవడాన్ని మార్చే మందు ఏదీ ఇంతవరకు లేదు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ రాసేది తల గోడకేసి కొట్టుకోవడం, చేతిని కొరుక్కోవడం, ఎదుటివారి మీద పడి కొట్టడం, గంటల తరబడి ఆగని ఏడుపు వంటివాటికి. 2002లో ప్రచురితమైన అధ్యయనంలో అలాంటి ఇబ్బందులున్న 101 మంది ఆటిజం పిల్లలకు ఎనిమిది వారాలు మందు ఇస్తే, రిస్పెరిడోన్ జట్టులో 69 శాతం, ఉత్త మాత్ర జట్టులో 12 శాతం మెరుగయ్యారు. పాప నెమ్మదిస్తే స్పీచ్ థెరపీలో కూర్చోగలుగుతుంది, ఆ మేరకు పరోక్షంగా మేలు జరగవచ్చు. అలాంటి తీవ్రమైన ఇబ్బందులేమీ లేకుండా, మాటలు రావడం కోసమే ఈ మందు రాశారని మీకు అనిపిస్తే, ఏ లక్షణానికి రాశారో తప్పకుండా అడగండి. అయిదేళ్లు నిండని పిల్లలకైతే మరీ గట్టిగా అడగండి.

ఈ మందులతో పిల్లలు లావెక్కుతారా?

కొన్నింటితో ఎక్కుతారు, కొందరు చాలా త్వరగా ఎక్కుతారు. పైన చెప్పిన అధ్యయనంలో ఎనిమిది వారాలకే రిస్పెరిడోన్ పిల్లలు సగటున 2.7 కిలోలు, ఉత్త మాత్ర పిల్లలు 0.8 కిలోలు పెరిగారు. ఓలాంజపిన్‌తో ఇంకా ఎక్కువ, అరిపిప్రజోల్‌తో సాధారణంగా తక్కువ. రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతుంది. దానివల్ల ఆడపిల్లలకు నెలసరి తప్పవచ్చు, మగపిల్లలకు ఛాతీ ఉబ్బవచ్చు. పదమూడేళ్ల పిల్లవాడు ఈ సంగతి సిగ్గుపడి ఎవరికీ చెప్పడు, మందు మాత్రం రహస్యంగా కిటికీలోంచి పారేస్తాడు. అందుకని పెద్దవాళ్లే అడగాలి.

మందు మొదలుపెట్టేముందు బరువు, ఎత్తు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వు పరీక్షలు చూడాలి. మూడు నెలలకు మళ్లీ, తరవాత కనీసం ఏడాదికోసారి చేయించాలి. బరువు మాత్రం ఇంటి దగ్గర నెలకోసారైనా చూడాలి. హిందూపురం నుంచి వచ్చే ఒక అమ్మ దగ్గర రెండు వందల పేజీల నోటుపుస్తకం ఉంది. ప్రతి ఆదివారం తేదీ, బరువు, ఎన్ని గంటలకు నిద్రపోయాడు, ఎన్నిసార్లు కొట్టాడు అని నాలుగు గడులు గీసి రాస్తుంది. ఒక పేజీలో గడి బయట "రాత్రి అన్నం మూడోసారి అడిగాడు, పెట్టకపోతే కుక్కరు మూత తీశాడు" అని ఉంది. మందు మార్చాలని డాక్టరు నిర్ణయించింది ఆ వాక్యం చదివాక, రక్త పరీక్షల ఫలితం రాకముందే.

కుంగుబాటు మందులు వేస్తే పిల్లలకు ఆత్మహత్య ఆలోచనలు వస్తాయట, నిజమేనా?

అమెరికా ఔషధ సంస్థ 24 పరీక్షలలోని 4,400 మందికి పైగా పిల్లల వివరాలు చూసింది. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు తీసుకున్నవారిలో 4 శాతం మందికి, ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 2 శాతం మందికి కనిపించాయి. ఆ పరీక్షలలో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. దాని ఆధారంగా 2004లో మందు కాగితం మీద నల్లగీతల చట్రంలో హెచ్చరిక పెట్టించారు, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు వరకు పొడిగించారు. అంటే ప్రమాదం చిన్నదే, కానీ ఉంది. మొదటి కొన్ని వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ ఎక్కువ. ఇక వైద్యం అందని తీవ్రమైన కుంగుబాటే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అన్నది తక్కెడ రెండో పళ్లెంలో ఉంది.

ఇంట్లో చూడవలసినవి ఇవి. పిల్లవాడు కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరగడం, ఉన్నట్టుండి రెచ్చిపోవడం, నిద్ర పూర్తిగా పోవడం, వస్తువులు పంచిపెట్టడం, చావు గురించి మాట్లాడడం. ఇవి కనిపిస్తే తరవాతి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. అర్ధరాత్రి అయితే టెలీ మానస్ నంబరు 14416కు చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. "చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో" అని భయపడనక్కర్లేదు. నేరుగా, నెమ్మదిగా అడగడం వల్ల హాని జరగదు.

ఆడపిల్లలకు విడిగా జాగ్రత్తలు ఉన్నాయా?

వాల్‌ప్రోయేట్ విషయంలో తప్పకుండా ఉన్నాయి. ఫిట్స్‌కు వాడే ఈ మందును మూడ్ హెచ్చుతగ్గులకు, దూకుడుకు కూడా రాస్తుంటారు. గర్భంతో ఉన్నప్పుడు వాడితే పుట్టే బిడ్డలలో సుమారు పదిమందిలో ఒకరికి పుట్టుక లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల ఇబ్బందులు వస్తాయి. వాడే ఆడపిల్లలో అండాశయ సమస్యలు, బరువు పెరగడం కూడా చూస్తాం. వేరే దారి ఉన్నంతవరకు పిల్లలు కనే వయసులోని, ఆ వయసుకు దగ్గరపడుతున్న ఆడపిల్లలకు దీన్ని వాడకూడదన్నది ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట కూడా. "పన్నెండేళ్ల పిల్లకు ఈ మాటలేమిటి" అని ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకోవచ్చు. మందు ఏళ్ల తరబడి సాగితే ఆ పిల్లే ఇరవై రెండేళ్ల పెళ్లికూతురవుతుంది, ఆనాటికి చీటీ ఎందుకు మొదలైందో గుర్తున్నవారు ఎవరూ ఉండరు.

మాత్రను పావు చేసి ఇవ్వమన్నారు. ఎలా చేయాలి?

పిల్లల మోతాదులో మాత్రలు దొరక్కపోవడం ఆఫ్-లేబుల్ వాడకానికి అంటిపెట్టుకున్న బాధ. ఒక తల్లి కౌంటరు మీద పేపరు పరిచి, షేవింగు బ్లేడుతో ఎలా కోస్తున్నదో చూపించింది. మొదటి కోతకు రెండు సమానమైన ముక్కలు వచ్చాయి. రెండో కోతకు ఒకటి గోరంత, ఒకటి సగమంత, మిగిలింది పొడి. ఆ పొడి ఊదేసి, పెద్ద ముక్క బాబుకి ఎక్కువ కోపంగా ఉన్న రోజుకని దాచానంది. ఆమె తప్పేమీ లేదు, అలా చేయకూడదని ఎవరూ చెప్పలేదు. గీత ఉన్న మాత్రను గీత వెంబడి సగం చేయవచ్చు. పావు చేయవలసి వస్తే ముందు ద్రవరూపం ఉందేమో అడగండి. రిస్పెరిడోన్, ఫ్లూఓక్సెటిన్ వంటివాటికి ఉంది. దాన్ని చెంచాతో కాక సూదిలేని సిరంజితో కొలవాలి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను కోయకూడదు, నూరకూడదు, నమిలించకూడదు.

చీటీలోని అంకెలు కూడా ఒకసారి చదువుకోండి. తొమ్మిదేళ్ల పిల్లవాడి టిక్స్‌కు హాలోపెరిడాల్ ".5" అని, చుక్క ముందు సున్నా లేకుండా రాసిన చీటీ ఒకసారి మా కౌంటరుకు వచ్చింది. నేను దాన్ని 5 అని చదివి ఆ షీటు తీసి బిల్లు కూడా కొట్టాను. వయసు గడి చూశాక గాని చెయ్యి ఆగలేదు. ఆ మందు ఎక్కువైతే మెడ ఒకవైపు మెలితిరగడం, కనుగుడ్లు పైకి నిలబడిపోవడం జరుగుతుంది. చూసేవాళ్లు గాలి సోకిందనో, ఫిట్స్ అనో అనుకుంటారు. మామూలు మోతాదుతోనూ కొందరికి ఇలా అవుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తే సూదిమందుతో కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది.

ఇవి అలవాటుపడే మందులా? పిచ్చిమాత్రలని మా అత్తగారు అంటున్నారు.

రిస్పెరిడోన్, సెర్ట్రలిన్, క్లోనిడిన్ వంటివి వ్యసనంగా మారే మందులు కావు, కానీ హఠాత్తుగా ఆపితే ఒళ్లు ఇబ్బంది పెడుతుంది. నిద్రకు, ఆందోళనకు వాడే క్లోనజెపామ్ వంటివి మాత్రం అలవాటుపడేవే. పిల్లలకు అవి వారాలు దాటి సాగుతుంటే అడగవలసిందే. అత్తగారిని తరవాతిసారి డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకు రండి. ఇంట్లో రాత్రి మందు వేసేది ఆవిడే అయితే, ఒప్పించవలసింది కూడా ఆవిడనే.

ఏడీహెచ్‌డీకి రాసిన మిథైల్‌ఫెనిడేట్ ఏ షాపులోనూ ఇవ్వడం లేదు. అది ఆఫ్-లేబుల్ కాబట్టేనా?

కాదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు అది అనుమతి ఉన్న మందే, ఆ వయసుకు ముందు వాడితేనే ఆఫ్-లేబుల్. అది షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపులే అమ్మాలి, చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒక ప్రతిని షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. అందుకే చాలా షాపులు ఆ జోలికి పోవు. సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరికి వెళ్లేముందు, అక్కడ దొరుకుతుందన్న ధీమాతో బస్సెక్కకండి, పది రోజుల ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఎన్నాళ్లు వాడాలి?

మొదటి రోజే అడగవలసిన ప్రశ్న ఇది. ఏ లక్షణం ఎంత తగ్గితే పనిచేసినట్టు, ఎన్ని వారాలకు చూద్దాం, పనిచేయకపోతే ఏం చేద్దాం, పనిచేస్తే ఎప్పుడు తగ్గించి చూద్దాం అన్న నాలుగింటికీ డాక్టరు చెప్పిన జవాబును చీటీ వెనక రాయించుకోండి. నాకు బెంగ కలిగించేది ఆఫ్-లేబుల్‌గా మొదలైన మందు కంటే, ఎందుకు మొదలైందో మరిచిపోయి ఏళ్ల తరబడి "రిపీట్" అని రాసుకుంటూ పోయే మందు. ఒక మందు దుష్ప్రభావానికి ఇంకొకటి, దానికి మరొకటి చేరి, పదకొండేళ్ల పిల్లకు ఐదు రకాలు నడుస్తున్న చీటీలు వస్తుంటాయి. అలాంటప్పుడు రెండో అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారప్రాయుల మానసిక వైద్యానికి విడిగా విభాగం ఉంది. పాత చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. చికిత్స కాగితాలు ఇవ్వమని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల వృత్తి నియమావళిలోనే ఉంది.

ఆయుర్వేదం కూడా వాడవచ్చా?

వాడుతుంటే దాచకుండా చెప్పండి, సీసా చూపించండి. లోహ భస్మాలు కలిసినవి పిల్లలకు వద్దు.

దుష్ప్రభావం కనిపిస్తే డాక్టరుకు కాక ఇంకెవరికైనా చెప్పాలా?

ముందు డాక్టరుకే. దానితోపాటు జాతీయ ఔషధ నిఘా కార్యక్రమపు ఉచిత నంబరు 1800-180-3024కు రోగులూ, తల్లిదండ్రులూ నేరుగా చెప్పవచ్చు. పిల్లలలో ఆఫ్-లేబుల్ వాడకం గురించి మన దేశపు సమాచారం తక్కువగా ఉండడానికి, ఇలాంటి ఫిర్యాదులు ఎవరూ రాయించకపోవడం ఒక కారణం.

మందులు ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

ఫ్రిజ్ మీదా, దేవుడి గూట్లో, హ్యాండ్‌బ్యాగులో పెట్టవద్దు. తాళం వేసే చోట పెట్టండి. అన్నకు రాసిన క్లోనిడిన్ మాత్ర ఒక్కటి మింగినా రెండేళ్ల చెల్లెలికి విపరీతమైన మగత కమ్మి, గుండె వేగం, రక్తపోటు పడిపోవచ్చు. నిద్రలో పక్క తడిపే ఇబ్బందికి రాసే ఇమిప్రమిన్ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కుంగుబాటు ఉన్న పెద్ద పిల్లల చేతికి నెల మందు మొత్తం ఇవ్వకూడదు. మింగారన్న అనుమానం వచ్చినా 108కి చేయండి, ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. ఖాళీ షీటు వెంట తీసుకెళ్లండి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, ఏ టైముకు మింగి ఉంటారో అంచనాగానైనా చెప్పండి.